కడలి ఒడ్డున రాళ్ళు ఏరిన మేరీ ఆనింగ్

సముద్రమును చూడబోయిన కుటుంబములో పెద్దలది ఒక సంతోషము, పిల్లలది మఱియొక సంతోషము. పెద్దలు ఇసుకలో కూర్చుండి అలలను చూచుచుందురు. పిల్లలు గవ్వలు ఏరుదురు. గట్టు కనబడినచో ఎక్కుదురు. కాలికి తగిలిన ప్రతి వింతరాయిని తెచ్చి తల్లి ఒడిలో పోయుదురు. ప్రొద్దుగూకులోపల ఇల్లు చేరుదురు. ఆ ఆట అంతటితో ముగియును. కాని ఆ ఏరుటయు, ఆ ఎక్కుటయు ఆటగా మొదలై బ్రతుకుతెరువుగా మారిన కుటుంబమొకటి ఇంగ్లండు దక్షిణ తీరమున ఉండెను. ఆ ఇంటి ఆడపిల్ల గట్టుల క్రింద ఏరి తెచ్చిన రాళ్ళు, భూమి వయస్సును గూర్చియు ప్రాణికోటి చరిత్రను గూర్చియు పండితులకు గల భావములను కదలించివేసెను. ఆమెయే మేరీ ఆనింగ్. లోకము ఆమె రాళ్ళను వెంటనే అందుకొనెను. ఆమె పేరును అందుకొనుటకు మాత్రము చాలకాలము పట్టెను.

డార్సెట్ మండలములో లైమ్ రీజిస్ అనునది ఒక చిన్న రేవు పట్టణము. దానికి ఇరువైపులను సముద్రమునకు ఎదురుగా గట్టులు నిట్టనిలువుగా లేచియున్నవి. అవి ఒకే రాతిముద్దలు కావు. గట్టి సున్నపురాతి పలకలును, మెత్తని నల్లమట్టి పొరలును ఒకదానిపై నొకటి వరుసగా పేర్చినట్లుండును. సుమారు 20 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ చోట వెచ్చని సముద్రముండెను. అందు చచ్చిన ప్రాణులు అడుగునగల బురదలో కూరుకొనిపోయి, ఆ బురద రాయిగా మారినపుడు తామును రాళ్ళైపోయెను. చలికాలపు తుపానులకు గట్టు కోసుకొనిపోయి విరిగిపడినపుడు ఆ అవశేషములు వెలికి వచ్చును. అయితే విరిగిపడిన మట్టిని అలలు ఎంతోకాలము ఉండనీయవు. గట్టు ఇచ్చినదానిని కడలి తీసికొనిపోవులోపల గుర్తించి పట్టుకొనగలవారికే ఆ నిధి దక్కును.

మేరీ 1799 మే 21వ తేదీన ఆ పట్టణముననే జన్మించెను. తండ్రి రిచర్డు ఆనింగ్ వడ్రంగి. బల్లలు, బీరువాలు చేయువాడు. తల్లి పేరును మేరీయే. ఆమెను మాలీ అని పిలిచెడివారు. వారిల్లు వంతెన ప్రక్కన, సముద్రమునకు మిక్కిలి చేరువగా ఉండెను. ఒక తుపానులో నీరు ఇంటిలోనికి రాగా వారు మేడగది కిటికీనుండి దిగి ప్రాణములు దక్కించుకొనిరట. ఆ దంపతులకు సుమారు పదిమంది సంతానము కలిగిరి కాని పెరిగి పెద్దవారైనది జోసెఫ్, మేరీ అను ఇరువురు మాత్రమే. అంతకుముందు మేరీ అను పేరుగల వేఱొక కుమార్తె నాలుగేండ్ల వయస్సున, 1798 క్రిస్మస్ దినములలో, నిప్పంటుకొని మరణించెను. ఆ దుఃఖము ఆరకమునుపే, అయిదు నెలలకు, పుట్టిన బిడ్డకు ఆ పేరే పెట్టుకొనిరి.

ఆ బిడ్డకు పదునైదు నెలలు నిండువేళ మఱియొక గండము వచ్చెను. 1800 ఆగస్టు 19వ తేదీన ఊరిలో గుఱ్ఱపుస్వారుల ప్రదర్శన జరుగుచుండగా వాన ముంచుకొని వచ్చెను. పొరుగింటి స్త్రీ ఒకతె మేరీని ఎత్తుకొని, మఱి ఇద్దరు స్త్రీలతో కూడ ఒక ఎల్మ్ చెట్టు క్రింద నిలిచియుండెను. పిడుగు పడి ఆ ముగ్గురును మరణించిరి. చంకలోని బిడ్డ మాత్రము బ్రతికెను. అంతకుముందు నలతగా ఉండిన పిల్ల ఆ పిడుగుతోనే చురుకుదనము పొందినదని ఊరివారు తరువాత కథగా చెప్పుకొనిరి. పిడుగు సంగతి యెట్లున్నను, ఆమెకు చురుకుదనము నేర్పిన గురువు వేఱొకడు కలడు. అతడు ఆమె తండ్రి.

రిచర్డునకు పనిలేని వేళలలో సముద్రపు ఒడ్డున తిరుగుట అలవాటు. కొడుకును, కూతురును వెంటబెట్టుకొని, చేత సుత్తియు ఉలియు పట్టుకొని, ఆటువేళ నీరు వెనుకకు తగ్గినపుడు గట్టుల వెంట నడిచెడివాడు. ఇసుకలో దొరకినవానిని పిల్లలు ఏరెడివారు. గట్టులో చిక్కుకొన్నవానిని తండ్రి ప్రాకి చెక్కి తీసెడివాడు. ఆ కాలమున ఫ్రాన్సుతో యుద్ధములు జరుగుచుండుటచే ఇంగ్లండులోని కలవారు ఐరోపా యాత్రలు మానుకొని తమ దేశపు తీరములకే విహారమునకు వచ్చుచుండిరి. అట్లు లైమ్ రీజిస్ చేరినవారు వింతవస్తువుల కొఱకు వెదకెడివారు. రిచర్డు తన దుకాణము ముందు ఒక బల్లవేసి, ఏరితెచ్చిన రాళ్ళను శుభ్రపరచి అమ్మెడివాడు.

ఆ రాళ్ళకు ఊరివారు పెట్టిన పేర్లు వినోదముగా ఉండును. చుట్టచుట్టుకొన్న శంఖమువంటి రాయిని పాముఱాయి అనిరి. పాములే రాళ్ళుగా మారెనని వారి నమ్మకము. అది ఆమ్మొనైటు అను సముద్రజీవి యొక్క పెంకు. నేపాళములోని గండకీనదిలో దొరకు సాలగ్రామములలో కనబడు చక్రము ఈ జాతి ప్రాణిదే. కావున తెలుగు ఇండ్ల దేవతార్చనలో నిత్యము కనబడు వస్తువునకును, లైమ్ రీజిస్ వడ్రంగి బల్లపై అమ్ముడుపోయిన వస్తువునకును దూరపు చుట్టరికము కలదు. కోసుగా, నున్నగా, వ్రేలివలె ఉండు మఱియొక రాయిని దెయ్యపు వ్రేలు అనిరి. అది బెలెమ్నైటు అను ప్రాణి దేహములోని భాగము. మన వైద్యులు సముద్రఫేనమను పేర వాడుచు వచ్చిన తెల్లని ఎముక ఏ జీవిదో, ఆ జీవికి బెలెమ్నైటు పూర్వకాలపు బంధువు.

తండ్రి వెంట తిరిగిన ఆ దినములలో పిల్లలు నేర్చుకొన్నది ఏ బడిలోను చెప్పు చదువు కాదు. పోటు ఎప్పుడు వచ్చునో ఎఱుగవలెను. లేనియెడల గట్టునకును నీటికిని నడుమ చిక్కుకొనిపోవుదురు. వాన తరువాత ఏ చరియ జాఱునో కనిపెట్టవలెను. బూడిదరంగు రాళ్ళగుట్టలో ఎముక అంచు ఏదో, ఉత్త రాతి అంచు ఏదో చూపుతోనే వేఱుచేయవలెను. దొరకిన దానిని తొందరపడి కొట్టినచో అది ముక్కలగును; ఆలసించినచో సముద్రము పాలగును. బడిచదువు విషయమున మేరీకి దక్కినది స్వల్పము. ఆనింగ్ కుటుంబము ఇంగ్లండు అధికార మతసంఘమునకు వెలుపలనున్న క్రైస్తవ శాఖకు చెందినది. ఆ శాఖవారు నడపు ఆదివారపు పాఠశాలలో ఆమె చదువను వ్రాయను నేర్చుకొనెను.

గట్టు ఇచ్చిన చేతితోనే తీసికొనెను. రిచర్డు ఒకమారు గట్టుపైనుండి పడి గాయపడెను. అంతకుముందే క్షయవ్యాధి అతనిని పట్టియుండెను. 1810 నవంబరులో, 44 ఏండ్ల వయస్సున, అతడు మరణించెను. అతడు విడిచిపోయినది 120 పౌనుల అప్పు, ఒక సుత్తి, ఒక ఉలి, గట్టులను చదువనేర్చిన ఇద్దరు పిల్లలు. కుటుంబము ఊరి పేదల సహాయనిధిపై ఆధారపడవలసి వచ్చెను. ఆ స్థితి 1816 వఱకైనను కొనసాగెను. తండ్రి పోయిన పిమ్మట మేరీ ఒంటరిగా తీరమునకు పోయి ఒక ఆమ్మొనైటును తెచ్చుచుండగా దారిలో ఒక స్త్రీ రెండున్నర షిల్లింగులిచ్చి కొనెననియు, ఆనాటినుండియే ఆ పిల్ల ఇదియే తన వృత్తి అని నిశ్చయించుకొనెననియు చెప్పుదురు. పదకొండేండ్ల పిల్లకు అది నిశ్చయమో, గత్యంతరము లేకపోవుటయో చెప్పుట కష్టము.

1811లో జోసెఫ్ గట్టులో నాలుగడుగుల పొడవుగల ఒక పుఱ్ఱెను కనుగొనెను. పొడవైన మూతి, వరుసగా పండ్లు, పెద్ద కంటిగుంట కలిగిన ఆ తలను చూచి ఊరివారు మొసలి అనుకొనిరి. జోసెఫ్ కుర్చీలకు మెత్తలుకుట్టు పనివానియొద్ద శిష్యుడుగా చేరియుండుటచే అతనికి తీరికలేదు. మిగిలిన దేహమును వెదకు పని చెల్లెలిపై పడెను. చరియ విరిగిపడి ఆ చోటును కప్పివేసినను మేరీ తిరుగుట మానలేదు. 1812లో ఆ ప్రాణి వెన్నుపూసలును, ప్రక్కటెముకలును ఆమెకు కనబడెను. అప్పటికి ఆమె వయస్సు పండ్రెండు, పదమూడేండ్లు. కూలివాండ్రను పెట్టి త్రవ్వించిరి. మొత్తము పొడవు సుమారు 17 అడుగులు. సమీప గ్రామపు భూస్వామి హెన్రీ హోస్ట్ హెన్లీ సుమారు 23 పౌనులకు దానిని కొనెను. అనగా తండ్రి చేసిన అప్పులో అయిదవవంతునకు కొంచెము తక్కువ.

అచ్చటనుండి ఆ రాతి ప్రాణి లండను చేరి విలియం బులక్ ప్రదర్శనశాలలో జనులకు వింత గొల్పెను. 1819లో వేలమున బ్రిటిషు మ్యూజియము 45 పౌనుల 5 షిల్లింగులకు దానిని కొనెను. సర్ ఎవరార్డ్ హోమ్ అను శస్త్రవైద్యుడు 1814 మొదలుకొని ఆ ప్రాణిని గూర్చి వ్యాసములు వ్రాసి, అది ఏ జాతిదో తేల్చుకొనలేక అభిప్రాయములను మార్చుచు వచ్చెను. ఆ వ్యాసములలో దానిని వెలికితీసిన పిల్లల పేరు లేదు. తుదకు దానికి ఇక్తియోసారస్ అను పేరు స్థిరపడెను. చేపబల్లి అని దాని అర్థము. అది చేపయు కాదు, బల్లియు కాదు. గాలి పీల్చుచు సముద్రములో జీవించిన సరీసృపము.

ఈ ప్రాణి ఆనాటివారిని ఎందులకు కలవరపెట్టెనో తెలిసికొనవలెను. భూమి పుట్టి కొలది వేల సంవత్సరములే అయినదనియు, సృష్టిలోని ప్రాణులలో ఏ ఒక్క జాతియు నశింపలేదనియు ఐరోపాలో పెక్కుమంది నమ్ముచుండిరి. వింత ఎముకలు దొరకినను, ఆ ప్రాణులు తెలియని దూరదేశములలో ఎచ్చటనో బ్రతికియుండునని సమాధానపడుచుండిరి. జాతులకు జాతులే అంతరించినవని ఫ్రాన్సు పండితుడు జార్జి క్యువియే అప్పటికే వాదించుచుండెను. అతని వాదమునకు కంటికి కనబడు సాక్ష్యము లైమ్ రీజిస్ గట్టులనుండి వచ్చెను. పదిహేడడుగుల జంతువు ఏ సముద్రములో దాగియుండగలదు? ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టమయ్యెను.

సాక్ష్యము లండను చేరినను సంపద లైమ్ చేరలేదు. 1820 నాటికి ఏడాదిగా చెప్పుకొనదగిన శిలాజ మేదియు దొరకక, ఇంటి అద్దెకై ఇంటిలోని సామాను అమ్మివేయుటకు ఆనింగ్ కుటుంబము సిద్ధపడుచుండెను. వారియొద్ద తఱచు శిలాజములను కొనుచుండిన లెఫ్టినెంట్ కర్నల్ థామస్ బర్చ్ ఆ స్థితిని చూచి సహింపలేకపోయెను. తాను కూర్చుకొన్న శిలాజముల నన్నింటిని లండనులో వేలము వేయించి, వచ్చిన సుమారు 400 పౌనులను ఆ కుటుంబమునకే ఇచ్చివేసెను. శాస్త్రజ్ఞులు వ్యాసములు వ్రాసిరి. ఈ సైనికుడు మాత్రము వస్తువుల వెనుకనున్న మనుష్యులను చూచెను.

క్రమముగా జోసెఫ్ తన వృత్తిలో స్థిరపడగా శిలాజముల పని యంతయు మేరీ చేతికి వచ్చెను. ఆమె కేవలము ఏరి అమ్ముటతో తృప్తిపడలేదు. శాస్త్రవ్యాసములను ఎరువు తెచ్చుకొని, వానిని బొమ్మలతోసహా చేతితో ఎత్తివ్రాసికొనెడిది. ఆ బొమ్మలు మూలమునకు ఏమాత్రమును తీసిపోవు. రాతిలోని ఎముకల అమరిక తెలియుటకై చేపలను, మెత్తని దేహముగల సముద్రజీవులను కోసి పరీక్షించెడిది. ఎలిజబెత్ ఫిల్పాట్ అను విద్యావతి తన అక్కచెల్లెండ్రతో కలిసి 1805లో ఆ ఊరికి వచ్చి స్థిరపడియుండెను. వయస్సులో సుమారు ఇరువది యేండ్లు పెద్దయు, అంతస్తులో ఎక్కువయు అయిన ఆమె మేరీతో కలిసి తీరమున తిరుగుచు, ఆమెను చదువునకు ప్రోత్సహించెను. బాల్యమిత్రుడైన హెన్రీ డి లా బీష్ తరువాత ప్రసిద్ధ భూగర్భశాస్త్రజ్ఞుడయ్యెను. ఆక్స్‌ఫర్డు ఆచార్యుడు విలియం బక్లండ్ వచ్చినపుడు, ఆటువేళ ఆమె వెంట గట్టుల క్రింద తిరిగెడివాడు.

1823 డిసెంబరులో ఆమెకు ఎన్నడును ఎవ్వరును చూడని రూపమొకటి దొరకెను. దాదాపు తొమ్మిదడుగుల పొడవు, చిన్నతల, తెడ్లవంటి నాలుగు అవయవములు, నమ్మశక్యము కాని పొడవైన మెడ. అదియే సంపూర్ణముగా లభించిన మొదటి ప్లీసియోసారస్. దాని చిత్రము పారిసు చేరగా క్యువియే శంకించెను. మనుష్యునికైనను జిరాఫీకైనను మెడలో ఏడు పూసలే యుండును. ఆనాటికి తెలిసిన సరీసృపములకును ఆ సంఖ్య స్వల్పమే. ఈ ప్రాణికి ముప్పది అయిదు! వేఱువేఱు జంతువుల ఎముకలను ఒక్కటిగా అతికి మోసగించిరేమో అని ఆ మహాపండితునకు అనుమానము కలిగెను.

ఆ మాట నిలిచినచో మేరీ జీవనోపాధి అంతటితో ముగిసియుండును. అతుకు శిలాజములమ్మునన్న అపకీర్తి వచ్చిన పిమ్మట పండితులెవ్వరును ఆమె గడప త్రొక్కరు. లండనులోని భూగర్భశాస్త్ర సంఘమున ఈ విషయము చర్చకు వచ్చెను. 1824 ఫిబ్రవరి 20వ తేదీన విలియం కానిబేర్ ఆ అస్థిపంజరమును సభలో వర్ణించెను. అది ఏ అతుకును లేని నిజమైన ప్రాణియే అని తేలెను. క్యువియే తన పొరపాటును ఒప్పుకొనెను. ఇరువదినాలుగేండ్ల పేదపిల్ల చేతిపని ఐరోపాలో మొదటి శరీరశాస్త్రజ్ఞుని సంశయమును జయించెను. కాని ఆ సభలో ఆమె లేదు. స్త్రీలకు అచ్చట ప్రవేశములేదు. కానిబేర్ ప్రసంగములో ఆమె పేరును లేదు.

1826లో, 27 ఏండ్ల వయస్సున, ఆమె తన సంపాదనతో అద్దపు కిటికీగల దుకాణముతో కూడిన ఇల్లు కొనెను. ఆనాటినుండి దేశదేశముల శాస్త్రజ్ఞులు ఆ గుమ్మమునకు వచ్చిరి. 1828లో ఎగురు సరీసృపమొకటి ఆమెకు దొరకెను. జర్మనీ వెలుపల అట్టిది దొరకుట అదియే మొదలు. బెలెమ్నైటు శిలాజములలో ఎండిపోయిన సిరాతిత్తులు ఉన్నవని ఆమె గుర్తించెను. ఎలిజబెత్ ఫిల్పాట్ ఆ పొడిని నీటితో కలిపి, కోట్ల ఏండ్లనాటి ఆ సిరాతోనే శిలాజముల బొమ్మలు గీసెను. పండితులు ఔషధశిలలని పిలుచుచుండిన గుండ్రని రాళ్ళు చేపబల్లుల పొట్టభాగమున కనబడుటను, పగులగొట్టినచో అందు చేపముండ్లును పొలుసులును ఉండుటను మేరీ గమనించెను. అవి ఆ ప్రాణుల మలము రాయిగా మారినవని బక్లండ్ తరువాత నిర్ణయించెను. ఆ ప్రాణి ఏమి తినెనో ఆ రాయియే చెప్పెను. ఈ విషయమునను, ఎగురు సరీసృపము విషయమునను బక్లండ్ తన వ్యాసములలో మేరీ పేరు చెప్పెను. అట్లు చెప్పినవారు కొలదిమంది.

ఆమె తీసిన శిలాజములను కొన్నవారు వానిని మ్యూజియములకు కానుకలిచ్చి పేరు పొందిరి, వర్ణించినవారు పండితులైరి. తన తెలివిని వాడుకొని తనను మఱచిరన్న బాధ ఆమెకు ఉండెనని ఆమెతో తీరమున తిరిగినవారు వ్రాసియుంచిరి. అచ్చులో ఆమె వ్రాత కనబడినది ఒక్కమారే. 1839లో ఒక ప్రకృతిశాస్త్ర పత్రికలో, ఒక ప్రాచీనపు సొరచేపను గూర్చి అందు వచ్చిన తప్పును దిద్దుచు ఆమె వ్రాసిన లేఖ అది. ఆమె జీవితకాలమున ఆమె పేరుతో ప్రాణులకు నామకరణము చేసినది స్విట్జర్లండు పండితుడు లూయీ అగాసీ ఒక్కడే. 1834లో లైమ్ వచ్చి ఆమె జ్ఞానమును కన్నులార చూచిన అగాసీ, రెండు ప్రాచీన మత్స్యజాతులకు ఆమె పేరు పెట్టెను.

ఈ పని ఎంత ప్రమాదకరమైనదో తండ్రి మరణముననే తెలిసినది. 1833 అక్టోబరులో చరియ హఠాత్తుగా విరిగిపడి, ఆమె వెంట ఎప్పుడును నడచు ట్రే అను కుక్కను ఆమె కన్నులయెదుటనే చంపివేసెను. ఒక్క అడుగు తేడాతో ఆమె బ్రతికెను. మఱునాడును ఆ తీరమే గతి. 1835లో పెట్టుబడి పెట్టిన సుమారు 300 పౌనుల సొమ్ము పోగా మరల పేదరికము ఎదురయ్యెను. బక్లండ్ పూనుకొని బ్రిటిషు శాస్త్రాభివృద్ధి సంఘమునకును ప్రభుత్వమునకును చెప్పి, ఏటికి 25 పౌనుల భృతి ఏర్పాటు చేయించెను. అంతకుముందు 1830లో డి లా బీష్ ఆమె కనుగొన్న ప్రాణులు సజీవముగా ఈదుచు, ఎగురుచు ఉన్నట్లు ఒక చిత్రమును గీసి, దాని ప్రతులమ్మిన సొమ్మును ఆమెకు ఇప్పించెను. ప్రాచీన ప్రపంచమును కన్నులకు కట్టించు చిత్రములకు అదియే నాంది.

తుదిరోజులలో ఆమెకు రొమ్ము పుండు వ్యాధి వచ్చెను. నొప్పికి మందు వాడుచుండుటచే తూలిపోవుటను చూచి కొందఱు ఊరివారు త్రాగుబోతని నిందించిరట. 1847 మార్చి 9వ తేదీన, 47 ఏండ్ల వయస్సున, ఆమె మరణించెను. సెయింట్ మైకేల్ దేవాలయపు ఆవరణమున ఆమెను సమాధి చేసిరి. రెండేండ్లకు జోసెఫును ఆమె ప్రక్కనే చేరెను. భూగర్భశాస్త్ర సంఘపు సభ్యులు చందాలు వేసికొని 1850లో ఆ దేవాలయమున ఆమె జ్ఞాపకార్థము రంగుటద్దముల కిటికీ పెట్టించిరి. సంఘాధ్యక్షుడైన డి లా బీష్ సభలో ఆమెను సంస్మరించి ప్రసంగించెను. సభ్యురాలు కాని స్త్రీకి ఆ సంఘమున అట్టి గౌరవము అదివఱకు జరుగలేదు. అయినను స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనుటకు ఆ సంఘమునకు 1919 వఱకు మనసు రాలేదు.

లైమ్ తీరమున మొదలైన ఈ విద్య అనతికాలముననే గోదావరీ ప్రాంతమునకును వచ్చెను. 1830 ప్రాంతమున మేరీ కనుగొన్న మఱియొక ప్లీసియోసారస్‌ను 200 గినీలకు కొన్నవాడు విలియం విలబీ కోల్ ప్రభువు. అతని ప్రాణమిత్రుడు సర్ ఫిలిప్ ఎగర్టన్. శిలామత్స్యముల సేకరణలో ఇరువురును జంట. ప్రాణహిత ఒడ్డున, గోదావరీ సంగమమునకు ఎగువన, కోట అను గ్రామమువద్ద దొరకిన చేపల శిలాజములు లండను చేరగా, 1850 తరువాత వానిని వర్ణించినవాడు ఈ ఎగర్టనే. కోట రాళ్ళును లైమ్ రాళ్ళవలె జురాసిక్ యుగమునకు చెందినవే. తరువాతి కాలమున ఆ లోయనుండియే డైనోసారుల ఎముకలు లభించెను. తెలంగాణములోని యామన్‌పల్లి గ్రామము పేర కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని 1988లో నామకరణము పొందిన డైనోసారు అస్థిపంజరము హైదరాబాదు బిర్లా విజ్ఞానకేంద్రమున నిలుపబడెను. అచ్చటికి విద్యార్థులను తీసికొనిపోవు ఉపాధ్యాయులు, ఎముకల కథతోపాటు వానిని ఏరినవారి కథయు చెప్పినచో పాఠము పూర్ణమగును.

మేరీకి రావలసిన గౌరవము మెల్లగా వచ్చినది. లైమ్ పట్టణపు మ్యూజియము ఆమె పుట్టిన ఇంటి స్థలముననే నిలిచియున్నది. ఆ గట్టులతో కూడిన తీరము 2001లో ప్రపంచ వారసత్వ స్థలమైనది. 2010లో రాయల్ సొసైటీ విజ్ఞానచరిత్రలో ప్రముఖులైన పదిమంది బ్రిటిషు స్త్రీలలో ఆమెను చేర్చెను. 2015లో ఒక ఇక్తియోసారస్ జాతికి ఆమె పేరు పెట్టిరి. ఒక పాఠశాల బాలిక పూనికతో మొదలైన ప్రయత్నము ఫలించి, 2022 మే 21న, ఆమె జన్మదినమున, సముద్రము వైపు నడచుచున్న ఆమె విగ్రహమును లైమ్ రీజిస్‌లో ఆవిష్కరించిరి. ఆమె ప్రక్కన ట్రేయును ఉన్నది.

ఇన్ని జరిగినను తీరని ఋణమొకటి మిగిలియున్నది. ఆ కాలపు మ్యూజియములు శిలాజమును కానుకగా ఇచ్చినవారి పేరును వ్రాసికొనెను గాని కనుగొన్నవారి పేరును వ్రాసికొనలేదు. అందుచేత ఐరోపా మ్యూజియములలోని అద్దపు పెట్టెలలో లైమ్ గట్టుల ప్రాణులు అనేకము ఉన్నను, వానిలో మేరీ ఆనింగ్ చేతిమీదుగా వచ్చినవి ఏవో పూర్తిగా తేల్చుట ఇక సాధ్యము కాదు. ప్రభువుల పేర్లు ఆ పెట్టెలపై నిలిచినవి. చలిగాలిలో, పోటు వచ్చులోపల, మట్టి జాఱుచుండగా గట్టు నెక్కి ఆ ఎముకలను విఱుగకుండ విడదీసిన చేతుల గుర్తు మాత్రము, విఱుగని ఆ ఎముకలలోనే ఉన్నది.